రాసిపెట్టుకోండి
సిరిసిల్లలో మరమగ్గాలు మొదలయ్యాయి. కోరుట్ల, జగిత్యాల వాకిళ్లలో బీడీల చాటలు ఒళ్లోకి వచ్చాయి.

నలభై దాటిన అక్కా! చేతులు ఆకు చుడుతుంటే మనసు తేదీలు లెక్కబెడుతోందా? పోయిన నెల రాలేదు, ఈసారి ముందే వచ్చిందని? భయపడకండి, రాసిపెట్టుకోండి. ముట్లు ఆగే ముందు కొన్నేళ్లు ఇలా అటూ ఇటూ కావడం మామూలే. క్యాలెండర్‌లో వచ్చిన రోజు చుక్క, ఆగిన రోజు గీత. అంతే.

గంటగంటకూ గుడ్డ తడుస్తున్నా, మధ్యలో మరక కనిపించినా, ఏడాది ఆగి మళ్లీ వచ్చినా మాత్రం ఆలస్యం వద్దు. గర్భసంచి తీయించుకోమని ఎవరో అనగానే తల ఊపకండి, ఇంకో డాక్టరునూ అడగండి. ఇలాంటి ఇబ్బందుల కోసమే 2023 మార్చి 8న మన కరీంనగర్‌లో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది, మంగళవారాలు ఆడవాళ్లకని.

భయపడకండి, రాసిపెట్టుకోండి. దవాఖానకు పోయేటప్పుడు క్యాలెండర్ సంచిలో వేసుకోండి. డాక్టరమ్మ ముందు అడిగేది తేదీలే.