వంద నుంచి ఒకటికి: ఆటలో చంపితే పాపమా?



మీలో చాలామంది నన్ను ఏదో ఒక రూపంలో అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పొద్దున విష్ణు సహస్రనామం వింటా, రాత్రి బీజీఎంఐ ఆడతా. ఆటలో పదిమందిని చంపితే పాపం తగులుతుందా?" ఇన్నాళ్ళూ నేను దీన్ని నవ్వేసి దాటేసేవాణ్ణి. కారణం ఏమీ లేదు, నేను ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు. ఆడని ఆట గురించి పాపపుణ్యాలు చెప్పడం నాకే బాగోదనిపించేది.

మొన్న ఆడాను. నాలుగు రోజులు ఆడాను. అందులో ఒక సంగతి వీడియోలో చెప్పబోయి గొంతు దాటక వదిలేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఆదివరాహస్వామి దర్శనం కోసం కమాన్‌పూర్ వెళ్ళాను. పెద్దపల్లి జిల్లా, గోదావరిఖనికి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ స్వామి బండరాతి మీద స్వయంగా వెలిశాడని భక్తుల నమ్మకం. మా అక్క అత్తగారిల్లు కూడా ఆ ఊళ్ళోనే. బొగ్గు గనుల నేల కదా, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా షిఫ్టుల లెక్కే నడుస్తుంది. బావ నైట్ షిఫ్టుకి వెళ్తే ఆ రాత్రి టీవీ సౌండు పెంచుకోవచ్చు, పొద్దున మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బావ వాళ్ళ నాన్న కూడా ముప్పై ఏళ్ళకు పైగా అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన మనిషే. ఇంట్లో అందరం ఆయన్ని తాత అనే పిలుస్తాం.

మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. మొదటిరోజు సాయంత్రమే నా ఫోన్ లాక్కుని గేమ్ ఎక్కించేశాడు. "మామా, నువ్వు ధర్మం గురించి శానా చెప్తవ్ గదా. ఒక్క మ్యాచ్ ఆడి చెప్పు."

ఎప్పుడూ ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక విమానంలో వందమంది ఉంటారు. ఒక దీవి మీద పారాచూట్‌తో దూకుతారు. చేతిలో ఏమీ ఉండదు. ఖాళీ ఇళ్ళలో దూరి తుపాకీ, హెల్మెట్, మందులు ఏరుకోవాలి. దాన్నే లూట్ అంటారు. ఒక గీత గుండ్రంగా దీవి చుట్టూ ఉంటుంది, అది మెల్లగా దగ్గరికి ముడుచుకుంటూ వస్తుంది. దాని బయట ఉంటే ప్రాణం తరుగుతుంది. అంటే దాక్కుని ఊరుకోవడానికి లేదు, ఒకరికొకరు ఎదురుపడాల్సిందే. చివరికి మిగిలిన మనిషి గెలుస్తాడు, స్క్వాడ్‌గా ఆడితే మిగిలిన జట్టు గెలుస్తుంది. ఈ పద్ధతికి 'బ్యాటిల్ రాయల్' అనే జపనీస్ సినిమా ప్రేరణ. 2000లో వచ్చింది. అందులో స్కూలు పిల్లల్ని ఒక దీవి మీద వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారు. పబ్‌జీ 2017లో వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధిస్తే అందులో పబ్‌జీ మొబైల్ ఉంది. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో మన దేశం కోసం మళ్ళీ దింపారు.

నా మొదటి మ్యాచ్ ఎలా ఉందంటే, జాతరలో తప్పిపోయిన పిల్లాడిలా ఉంది. "దునుకు మామా, దునుకు!" అని పక్కనుంచి అరుపు. ఎక్కడ దిగానో తెలీదు. తుపాకీ దొరికింది, గుండ్లు దొరకలేదు. తలుపు తెరవబోయి బాంబు విసిరాను, నా కాళ్ళ దగ్గరే పడింది. ఇంట్లో అందరూ నవ్వారు.

రెండో మ్యాచ్‌లో మాత్రం ఆరుగురిని పడగొట్టాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఛాతీ కొంచెం పొంగింది. మేనల్లుడు తాపీగా అన్నాడు, "మామా, వాళ్ళు మనుషులు కాదు, బాట్‌లు. కొత్తోళ్ళకు గట్లనే ఇస్తరు."

బొమ్మలన్నమాట. కంప్యూటర్ నడిపే బొమ్మలు. ఆ మాట వినగానే నా సంతోషం చప్పబడిపోయింది. మీరూ ఒకసారి ఇక్కడ ఆగి ఆలోచించండి. పాపం గురించి భయపడేవాడినైతే, "హమ్మయ్య, ఎవర్నీ చంపలేదు" అని ఊపిరి పీల్చుకోవాలి కదా? నేను నిరాశపడ్డాను. అవతల నిజం మనిషి ఉండాలనే నా మనసు కోరుకుంది.

అంతమాత్రాన అది హింసేనా? ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. కాదనే అనిపించింది. చదరంగం మన దేశంలో పుట్టిన ఆట, చతురంగ బలాల యుద్ధమే అది. బంటును చంపినందుకు ఎవరూ ప్రాయశ్చిత్తం చేసుకోలేదు. కబడ్డీలో మన ఊరి పిల్లలు 'వాడు సచ్చిండు, వీడు బతికిండు' అనే అంటారు. అవతల మనిషి ఉంటేనే ఆట ఆట. మనతో సమానమైనవాడు మనకు ఎదురు నిలబడాలని కోరుకోవడంలో ఒకరకమైన గౌరవం కూడా ఉంది. బీజీఎంఐలో 'కిల్' అనకుండా 'ఫినిష్' అంటారు, రక్తాన్ని పచ్చరంగులో చూపిస్తారు. పేరు మార్చినా రంగు మార్చినా మనసుకి తెలిసేది తెలుస్తూనే ఉంటుంది. కానీ తెరమీద ఒక బొమ్మ పడిపోతే ఒక ప్రాణం పోదు. కర్మకు సంకల్పం ముఖ్యం అని మన పెద్దలు చెప్పినదాన్ని బట్టి చూస్తే, అక్కడ చంపాలనే సంకల్పం లేదు, గెలవాలనే సంకల్పమే ఉంది.

ఇక్కడితో ఆపేసి "పాపం లేదు, హాయిగా ఆడుకోండి" అని వీడియో పెట్టేద్దామనుకున్నాను. మూడోరోజు రాత్రి ఆ పిల్లాడు రాకపోతే పెట్టేసేవాణ్ణే.

ఆ రోజు మేనల్లుడు పడుకున్నాడు. నేను ఒక్కణ్ణే ఎవరో తెలియని ముగ్గురితో స్క్వాడ్‌లో కలిశాను. వాళ్ళలో ఒకడిది చిన్నపిల్లాడి గొంతు, పదకొండు పన్నెండేళ్ళు ఉంటాయేమో. తెలుగే మాట్లాడాడు. నేను కొత్త అని రెండు నిమిషాల్లో కనిపెట్టేశాడు. "అన్నా, నీకు హెల్మెట్ లేదు, నాది తీస్కో" అని విప్పి నా ముందు పెట్టాడు. మందుల డబ్బా కూడా ఇచ్చాడు. "నా ఎంబడే రా అన్నా" అంటూ ముందు నడిచాడు. మిగతా ఇద్దరూ మధ్యలోనే పోయారు. మేమిద్దరం మిగిలాం.

తెర పైన ఇంకా ఎంతమంది బతికున్నారో ఒక అంకె కనిపిస్తూ ఉంటుంది. తొంభై, అరవై, ముప్పై. అది తగ్గేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది. పది అయింది. ఏడు అయింది. నేను ఎప్పుడూ అంతదూరం రాలేదు.

అప్పుడు వాడికి దెబ్బ తగిలింది. స్క్వాడ్‌లో ఉన్నవాడు వెంటనే పోడు, మోకాళ్ళ మీద పడి పాకుతూ ఉంటాడు. మనం దగ్గరికెళ్ళి పది సెకన్ల పాటు పక్కన కూర్చుంటే మళ్ళీ లేస్తాడు. ఆ పది సెకన్లూ మనం కాల్చలేం. వాడు నాకు ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. "అన్నా, లేపు. అన్నా, నన్ను లేపు."

నేను చెట్టు వెనకే ఉండిపోయాను. కదిలితే కనిపిస్తాను. వాడు అరుస్తూ పాకుతుంటే శత్రువులు వాడివైపే చూస్తారు, అది నాకే మంచిది అనుకున్నాను. ఈ ఆలోచన నాకు వచ్చిందని ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నా. వాడి పది సెకన్లను నేను నా గెలుపు కోసం వాడుకున్నాను. వాడు నాకు ఎర అయ్యాడు.

వాడు పోయాడు. అంకె ఒకటి తగ్గింది. నేను రెండోస్థానం దాకా వెళ్ళి ఓడిపోయాను. వాడు అప్పటిదాకా వెళ్ళిపోకుండా నా ఆటే చూస్తూ ఉన్నాడు. "పర్లేదు అన్నా, మంచిగ ఆడినవ్" అన్నాడు. తర్వాత లైన్ కట్ అయింది.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నా. తాతకు రాత్రిళ్ళు నిద్ర తక్కువ, ఇన్నేళ్ళ షిఫ్టుల అలవాటు. "ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అన్నాడు. చెప్పాను. పిచ్చి అనుకుంటాడేమోనని నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆట ఎట్ల గెలుస్తరు అని అడిగాడు. వందమంది తగ్గుతూ తగ్గుతూ ఒక్కరు మిగలాలి అన్నాను.

"మా దగ్గర ఉల్టా" అన్నాడు.

తాత చెప్పింది ఇది. బాయిలోకి దిగేముందు హాజరు పడుతుంది. లాంప్ రూంలో ఎవరి నంబరు ల్యాంప్ వాళ్ళు తీసుకుంటారు. షిఫ్టు అయ్యాక ల్యాంప్‌లు తిరిగి వస్తాయి. వందమంది దిగితే వంద ల్యాంప్‌లు రావాలి. ఒక్క ల్యాంప్ స్థానం ఖాళీగా ఉంటే ఎవడది, ఎక్కడ చూసిన్రు ఆఖరుకు, ఎవరితో ఉండె అని అడగడం మొదలవుతుంది. ఒక్కోసారి మనిషి ముందే పైకొచ్చి ఛాయ్ తాగుతూ ఉంటాడు, అప్పుడు అందరూ తిడతారు. "తిట్టుడంటే కోపం కాదు బిడ్డా. పానం లేసొచ్చినట్టు ఐతది." వాడు నీకు దోస్తా, పగోడా, ఏ యూనియనోడు అన్నది ఆ టైంల ఎవ్వనికి యాదికి రాదు అన్నాడు.

తర్వాత తెలుసుకుంటే ఇది అలవాటు మాత్రమే కాదు, చట్టం కూడా. భూగర్భంలో ఈ క్షణాన ఎవరెవరున్నారో రిజిస్టర్ ఏ క్షణంలోనైనా పేర్లతో సహా చూపించగలగాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. అంకె ఒక్కటీ చాలదు, పేర్లుండాలి. నా ఆటలోనూ ప్రతిక్షణం లెక్క కనిపించింది. కానీ నాకు హెల్మెట్ ఇచ్చిన పిల్లాడి పేరు నేను అడగనే లేదు. ఏవో గుర్తులతో కూడిన ఐడీ ఒకటి ఉండేది, అదీ గుర్తులేదు. క్షమించమని అడగడానికి కూడా దారి లేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ స్వామి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు కథ వేరేగా వినిపించింది. భాగవతం మూడో స్కంధంలో హిరణ్యాక్షుడు గద భుజాన వేసుకుని యుద్ధం కోసమే లోకాలన్నీ తిరుగుతాడు. పగ కోసం కాదు, సరదా కోసం. నాకు సరిజోడు ఎవడున్నాడు, నాతో పోరాడేవాడెవడు అని వరుణుడి దాకా వెళ్ళి అడుగుతాడు. వరుణుడు నాకిప్పుడు యుద్ధాల మీద మనసు లేదు, నీ కోరిక తీర్చగలవాడు ఆ పురాణపురుషుడొక్కడే అంటాడు. తీరా వెళ్ళేసరికి స్వామి కోరమీద భూదేవిని ఎత్తుకుని పైకొస్తున్నాడు. హిరణ్యాక్షుడు నానా మాటలూ అంటాడు. స్వామి వెంటనే తిరగబడడు. భూదేవి భయపడుతోంది కాబట్టి ఆ మాటలన్నీ భరిస్తాడు. ముందు ఆమెను తెచ్చి నీళ్ళ మీద నిలబెడతాడు, మునిగిపోకుండా తన శక్తిని ఇస్తాడు. ఆ తర్వాతే గద పట్టుకుని తిరుగుతాడు.

ఇద్దరూ యుద్ధం చేశారు, ఇద్దరి చేతుల్లోనూ గదే ఉంది. తేడా అంతా వరసలో ఉంది. స్వామికి పడిపోయినదాన్ని ఎత్తడం ముందు, పోరాటం తర్వాత. హిరణ్యాక్షుడికి పోరాటం ఒక్కటే ఉంది, ఎత్తాల్సింది ఏదీ లేదు.

పద్మవ్యూహంలో అభిమన్యుడు ఒంటరైపోయాడంటే, వెనక రావాల్సిన ధర్మరాజునూ భీముడినీ నకుల సహదేవులనూ సైంధవుడు ఆపేశాడు. వాళ్ళు రాలేకపోయారు. నన్ను మాత్రం ఎవరూ ఆపలేదు. ఇరవై అడుగులు.

"అన్నా, అదీ ఆటే కదా, వాడూ ఇంకో మ్యాచ్‌లోకి వెళ్ళిపోయి ఉంటాడు" అంటారేమో. నిజమే. నేను కాల్చిన శత్రువుల విషయంలో నేనూ అదే మాట ఒప్పుకున్నాను, ఇప్పటికీ ఒప్పుకుంటాను. వాళ్ళూ నేనూ ఒకే నియమానికి ఒప్పుకుని దిగాం, వాళ్ళు పడిపోవడం ఆటలో భాగం. కానీ "అన్నా, లేపు" అన్న గొంతు బొమ్మది కాదు. ఆ నమ్మకం నిజం, ఇచ్చిన హెల్మెట్ ఉత్తదే అయినా ఇచ్చిన మనసు నిజం. చెట్టు వెనక నేను వేసుకున్న లెక్క కూడా నిజమే. అది ఆట అయిపోయాక ఫోన్‌లోనే ఉండిపోయిందా, నాతో పాటు బయటికి వచ్చిందా? ఆఫీసులో పక్కవాడి ఉద్యోగం ఊగుతుంటే "నాది కాదులే" అని తల వంచుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి. బహుశా నేను దాన్ని ఆటలో నేర్చుకోలేదు, బయటినుంచే ఆటలోకి తీసుకెళ్ళాను.

కాబట్టి మీ ప్రశ్నకు నా చేతనైన జవాబు ఇది. పండితుణ్ణి కాదు, తప్పుంటే పెద్దలు మన్నించండి. ఆటలో చంపినందుకు పాపం అని నేను అనలేను. ఆడుతూ ఉండగా పక్కన పడ్డవాడు నీకు మనిషిలా కనిపించాడా, అంకెలా కనిపించాడా అన్నది మాత్రం రోజూ చూసుకోవాల్సిన విషయం. చదువూ నిద్రా అమ్మ పిలుపూ పక్కన పెట్టి ఆడితే అది వేరే నష్టం, దాని సంగతి మీకు తెలుసు.

నాలుగోరోజు మేనల్లుడితో చివరి మ్యాచ్ ఆడాను. ఎవరో తెలియనివాడు మా స్క్వాడ్‌లో పడ్డాడు, నేను లేపడానికి పరిగెత్తాను. ఇద్దరం పోయాం.  "ఏంది మామా గిట్ల ఆడినవ్" అని వాడు తల పట్టుకున్నాడు. అరుగు మీదినుంచి తాత అడిగాడు, "దొరికిండారా మనిషి?"

లేదు తాతా, దొరకలేదు. కానీ పోయేముందు పేరు అడిగాను.

మీరు ఈ రాత్రి ఆడితే, స్క్వాడ్‌లో ఉన్నవాళ్ళను ఒకసారి పేరడగండి. స్వామి అందరినీ చల్లగా చూడాలి.

జై శ్రీమన్నారాయణ.