కుమ్మరియు మట్టియు

వీరుల చరిత్రను కూలి, పన్ను, భూమి యను లెక్కలతో వ్యాఖ్యానించుట వారిని తక్కువ చేయుటయే యని మనలో పెక్కుమంది తలంతురు. సామ్యవాద పండితులు కడుపును మాత్రమే చూచి త్యాగమును మఱచుచున్నారని వారి యాక్షేపణ. ఇది న్యాయమైనదేనా?

దూరదేశముల యుదాహరణము లక్కఱలేదు. రావికమతమునకు ఎగువనున్న కొండలలో చింతపల్లి యున్నది. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో అచ్చటి పోలీసు స్టేషనుపై బడి తుపాకులను గొనిపోయెను. 1924 మే 7వ తేదీన ఆయనను పట్టి కాల్చి చంపిరి. మన పిల్లలకు చెప్పెడి కథ యింతతో ముగియును. కొండవా రాయన వెంట నేల నడచిరని బాలు డడిగినచో, భక్తిచేత నని చెప్పి యూరకుందుము.

చరిత్రకారులు అంతటితో నూరకుండరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము తరువాత పోడు వ్యవసాయమునకు కట్టుబాట్లు బిగిసెను; తాతల నాటినుండి అనుభవించుచున్న యడవిలో కొండవారే యపరాధు లైరి. నర్సీపట్నము నుండి చింతపల్లికి వేసిన బాటపనిలో డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ చాలీచాలని కూలికి వారిచేత చాకిరి చేయించెను.

ఇట్టి సంగతియే 1841లో జర్మనీ దేశమున రైన్ మండలమందు పుట్టినది. పేదలు అడవిలో రాలిన పుల్లల నేఱుకొనుట దొంగతనమని శాసింప బూనిరి. ఆ చర్చను విమర్శించుచు పత్రికలో వ్రాసిన యువకుడు కార్ల్ మార్క్స్. తన్ను ఆర్థిక విచారణకు మరల్చిన వానిలో అదియు నొకటి యని యాతడే 1859లో చెప్పుకొనెను. 1867లో వెలువడిన ‘కాపిటల్’ అను మహాగ్రంథమునకు దారి యొక కట్టెలమోపు నొద్ద మొదలైన దనవచ్చును.

మన తార్కికులు ఘటమునకు మట్టి యొక విధమైన కారణమనియు, కుమ్మరి వేఱొక విధమైన కారణమనియు చెప్పిరి. మట్టిని పరీక్షించుట కుమ్మరిని నిందించుట కాదు. మట్టి యున్నంతమాత్రమున కుండ కాదు గనుక, బాధయే తిరుగుబా టనువాడును పొరబడినట్లే. అటవీ చట్ట మున్నచోట నెల్ల జనులు లేచి నిలువలేదు గదా!

అయినను ఈ యుపమానమున నొక చిక్కు కలదు. కుమ్మరి యెవడు? వీరు నొక్కనినే కుమ్మరిని జేసినచో, వేలకొలది కొండవారు నోరులేని మట్టి యగుదురు. వారికిని తెలివి కలదు, తాళలేని కారణము కలదు, ప్రాణమునకు తెగించు నిశ్చయము కలదు. సీతారామరాజు ననుచరుడైన గాము మల్లుదొర చెఱసాలను దాటి వచ్చి 1952లో లోక్‌సభ సభ్యుడయ్యెను. అట్టివానిని మట్టి యనగలమా? కాబట్టి కారణములను వెదకెడి చరిత్ర వీరుని తగ్గించుట లేదు. మనము మఱచినవారిని మనుష్యులుగా నిలుపుచున్నది. తగ్గించినది మన కథయే.

అటవీ హక్కుల చట్టము వారికి చారిత్రకముగా అన్యాయము జరిగినదని 2006లో నొప్పుకొనెను. 1882 నుండి అప్పటికి నూట యిరువదినాలు గేండ్లు. ఇక మన వంతు. మన పులుసులోని చింతపండును ఏఱి తట్ట నెత్తిన బెట్టుకొని కొండ దిగిన స్త్రీకి ముట్టిన దెంత? విగ్రహమునకు పూలదండ వేయుట సులభము. సంతలో బేర మాడునపు డీ ప్రశ్నను తలచుకొనుట కష్టము. కష్టమైనను, అదియే చరిత్రను చదివినందులకు ఫలము.