ఊపిరికి మొహమాటమా?

మొహమాటం మన ఆడవాళ్ళకు పెట్టని నగ. పేరంటంలో ఇంకో గారె వడ్డిస్తే వద్దనలేం. పోనీలెండి, దానివల్ల వచ్చే నష్టం ఒక పూట అజీర్తి. కాని ఊపిరి పీల్చటం దగ్గర కూడా మొహమాటపడవచ్చునా అని ఈమధ్య నాకొక సందేహం పట్టుకుంది.

మాది నూజివీడు ప్రాంతం. సంక్రాంతి నాటికి మామిడితోటలు పూత మీద ఉంటాయి. చూసేవాళ్ళకు కన్నులపండుగే. తేనెమంచు పురుగుకు కొట్టే మందు వాసన, తెల్లవారుజాము మంచు, భోగిమంటల పొగ కూడా ఆ రోజుల్లోనే. ఉబ్బసం ఉన్నవాళ్ళకు వీటిలో ఏదైనా పడకపోతే గాలిగొట్టాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. ఇక పిల్లికూతలే.

మా వీధిలో ఒకమ్మాయికి ఈ బాధ ఉన్నది. పెళ్ళిచూపులవాళ్ళ ముందు దగ్గు తెర వస్తే, తల్లి గబుక్కున "పోపు ఘాటండీ" అన్నదిట. ఆ పూట పొయ్యే వెలిగించలేదని ఆ పిల్లే నాతో నవ్వుతూ చెప్పింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది.

"చెబితే సంబంధం తప్పిపోతుంది పిన్నిగారూ" అంటుంది ఆ తల్లి. నిజమే, కొన్ని తప్పిపోతాయి. మరి దాస్తే ఒరిగేదేమిటి? ఉబ్బసాన్ని అదుపులో ఉంచేది ఆయాసం వచ్చాక పీల్చే మందు ఒక్కటే కాదు. చాలామందికి, ఏ బాధా లేని రోజున కూడా డాక్టరు చెప్పిన ప్రకారం పీలుస్తూ లోపలి వాపును అణచి ఉంచే స్టెరాయిడ్ మందు కావాలి. 1972 నుంచీ వాడుకలో ఉన్నదే. కొద్ది మైక్రోగ్రాములు, నేరుగా ఊపిరితిత్తులకు పోతాయి. పీల్చాక నోరు పుక్కిలించాలి, అంతే. "అలవాటైపోతుందేమో" అంటారు. కళ్ళజోడు అలవాటైపోయిందని ఎవరైనా దిగులుపడతారా?

జబ్బు దాచుకున్న పిల్ల అత్తవారింట్లో ఈ మందు ఎక్కడ పీలుస్తుంది? స్నానాలగదిలో, గడియ పెట్టుకుని. చుట్టాలొచ్చిన రోజున మానేస్తుంది. రెండు రోజులు మానితే ఏమీ కాలేదే అనిపిస్తుంది. అదే దీని మాయ. ఏ అర్ధరాత్రో ఆయాసం ముంచుకొస్తే పక్కనున్న మనిషికి ఇన్‌హేలర్ ఎక్కడుందో తెలియదు. దాచటం వల్ల జబ్బు దాగదు, మందు దాగుతుంది.

చిత్రం చూడండి. మామిడి ముగిసే రోజుల్లో మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాదులో బత్తినివారి చేపమందుకు వేలమంది బారులు తీరి, అందరి ఎదుటా నోరు తెరిచి, బతికున్న కొర్రమీను పిల్లను మింగుతారు. 1845 నుంచీ ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. దాని గుణం వైద్యపరీక్షల్లో తేలలేదు. వాళ్ళ నమ్మకాన్ని ఎగతాళి చెయ్యటం నా ఉద్దేశం కాదు. అక్కడ లేని సిగ్గు, గుప్పెట్లో ఇమిడే ఇన్‌హేలర్ దగ్గర ఎందుకు? బారులో అందరూ ఒక బాధవాళ్ళే. పెళ్ళిచూపుల చాపమీద పిల్ల ఒక్కతే.

ఆ మాటకొస్తే నొక్కితే మందు చిమ్మే ఇన్‌హేలర్ పుట్టిందే ఒక ఆడపిల్ల మొహమాటం లేకుండా అడగబట్టి. 1955లో అమెరికాలో రైకర్ మందుల కంపెనీ అధిపతి జార్జ్ మైసన్‌ని, ఉబ్బసంతో బాధపడే ఆయన పదమూడేళ్ళ కూతురు, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా నా మందు ఎందుకు రాదని అడిగింది. మరుసటి ఏడే అది బజారుకు వచ్చింది.

ఊరందరికీ చాటింపు వెయ్యమని నేననను. ఒక కప్పు కింద బతకబోయేవాళ్ళకు మాత్రం చెప్పాలి. మచ్చ కనపడకుండా బుట్టలో తిప్పి పెట్టటానికి ఆడపిల్ల రసం కాయ కాదు కదా.

అయితే చెప్పే ధైర్యం ఆ తల్లి ఒక్కదానికే ఉంటే చాలదు. మగపిల్లల తల్లులం మనలోనూ ఉన్నాం. "మా అమ్మాయికి ఉబ్బసం ఉందండీ, రోజూ మందు పీలుస్తుంది" అని ఎవరైనా మనతో అంటే, "కబురు చేస్తాం" అని లేచి వస్తామా? లేక "దానికేముందండీ, మా ఇంట్లో అగరువత్తులు మానేస్తాం" అంటామా? ఆవిడ నిజం చెప్పటమూ, "పోపు ఘాటు" అనటమూ మన జవాబు మీద కూడా ఆధారపడి ఉంది.