భూతయజ్ఞం ఎవరి విస్తరిలోంచి?



చవితి వస్తోందంటే మన ఇళ్ళల్లో హడావుడి మొదలవుతుంది. లిటిల్ ఇండియాలో మట్టి విగ్రహం కోసం, పత్రి కోసం వెతుకులాట, పాలవెల్లికి కట్టే పళ్ళు, పిల్లల పుస్తకాలకు పసుపు కుంకుమ బొట్లు, ఉండ్రాళ్ళు, కుడుములు. పూజ అయ్యాక అక్షతలు చేతిలో పట్టుకుని అందరం కథ వింటాం. గజాసురుడి శిరస్సు తెచ్చి బాలుడికి అతికించి ప్రాణం పోసే ఘట్టం రాగానే ఎవరింట్లోనైనా ఒక చిన్నపిల్ల అడిగే ప్రశ్న ఉండనే ఉంటుంది: "మరి పాపం ఆ ఏనుగో?" తన శిరస్సు లోకమంతా పూజలందుకోవాలని గజాసురుడే వరం కోరుకున్నాడని పెద్దవాళ్ళం సమాధానం చెప్పేస్తాం. కథ ప్రకారం అది సరైన సమాధానమే. కాని ప్రశ్న అక్కడితో తీరదు. మన తొలి పూజ అందుకునే స్వామి ముఖం ఒక ఏనుగు ఇచ్చినది. ఆ జాతికి మనం ఋణపడి ఉన్నామా? ఉంటే ఆ ఋణం ఎవరు తీర్చాలి, ఎవరి సొమ్ముతో తీర్చాలి? ఈ పండుగ రోజుల్లో ఈ చివరి ప్రశ్నను నలుగురం కలిసి ఆలోచిద్దామని ఈ నాలుగు మాటలు.

మనముండే సింగపూర్‌లో ఏనుగులకు కొదవ లేదు. పాత పార్లమెంటు భవనం ముందు కంచు ఏనుగు ఉంది. 1871లో సయాం రాజు చులాలాంగ్‌కార్న్ ఇక్కడికి వచ్చి వెళ్ళిన గుర్తుగా ఇచ్చినది. సిలోన్ రోడ్డులోని సెన్‌పగ వినాయకర్ ఆలయంలోను, కియాంగ్ సైక్ రోడ్డులోని లయన్ సిద్ధి వినాయకర్ ఆలయంలోను గజముఖుడు రోజూ పూజలందుకుంటున్నాడు. మందాయికి వెళ్తే పిల్లలు నిజం ఏనుగుల్నే చూస్తారు. లేనిదల్లా అడవి ఏనుగు. అయినా అదీ ఒకసారి వచ్చింది. 1990లో జొహోర్ తీరం నుంచి మూడు అడవి ఏనుగులు తొండాలు నీళ్ళపైకెత్తి ఊపిరి తీసుకుంటూ, కిలోమీటరుకు పైగా జలసంధి ఈదుకుంటూ పులావ్ టెకాంగ్ దీవికి చేరాయి. మరుసటి ఏడు ఇంకొకటి పులావ్ ఉబిన్‌కి వచ్చింది. మలేసియా వన్యప్రాణి శాఖవారు, ఇక్కడి జూ వారు కలిసి వాటిని జాగ్రత్తగా పట్టి తిరిగి జొహోర్ అడవులకు పంపించారు. ఎవరూ వాటిపట్ల క్రూరంగా ప్రవర్తించలేదు. చెప్పిన మాట మాత్రం ఒకటే: ఇక్కడ మీకు చోటు లేదు. వలస వచ్చి బ్రతుకుతున్నవాళ్ళం కనుక ఆ మాట బరువు మనకి తెలుసు.

ఇంత చిన్న దీవిలో ఏనుగుల మందను ఉంచుకోవడం కుదరదు కాబట్టి, పంపడం తప్పని ఎవరూ అనలేరు. కాని పంపడానికి అవతల ఒక చోటు ఉంది గనకనే పంపగలిగారు. ఆ చోట కూడా మనుషులున్నారు, వాళ్ళకీ తోటలున్నాయి. మన దగ్గర సమస్య లేకపోవడానికి కారణం అది పరిష్కారం కావడం కాదు, వేరొకరి ఇంటికి వెళ్ళడం.

ఆ వేరొకరు ఎవరో తెలుసుకోవాలంటే మన సొంత నేలకే వెళ్దాం. చిత్తూరు ప్రాంతంలోని కుప్పం, పలమనేరు అడవుల్లో సుమారు రెండు వందల ఏళ్ళపాటు ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల్లోని హోసూరు, ఆనేకల్ వైపు నుంచి గుంపులు రావడం మొదలైంది. అక్కడ అడవి ముక్కలైంది, కరువు వచ్చింది. ముసలి ఆడ ఏనుగు ముందు నడవగా మంద కదిలి వచ్చింది. 1990లో ప్రభుత్వం కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది. దాని విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. వినడానికి పెద్దదే. కాని పెరిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత, వంద లీటర్లకు మించి నీళ్ళు కావాలి. కౌండిన్య ఎక్కువగా మెట్ట అడవి, ఎండాకాలం వస్తే నీటికి కటకటే. అడవి అంచు దాటితే వరి, చెరకు, టమాటా, మామిడి, అరటి. అడవిలో రోజంతా తిరిగితే దొరికే మేత చెరకు తోటలో గంటలో దొరుకుతుంది. "ఏనుగు దాహానికి చూరు నీళ్ళా?" అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. మైసూరు, వయనాడు అడవుల అంచున పుట్టిన పిల్లవాడికి ఏనుగుతో ఎలా మసలుకోవాలో తాత నేర్పుతాడు. కుప్పం రైతుకు నేర్పే తాత లేడు, ఎందుకంటే ఆ తాత కూడా ఏనుగును చూడలేదు. రాత్రిళ్ళు మంచె మీద టపాకాయలు పట్టుకుని కాపలా కాయడం ఆ రైతు సొంతంగా నేర్చుకున్న విద్య. ఆ నిద్రలేని రాత్రికి, భార్యాబిడ్డల భయానికి ఏ లెక్కలోనూ పరిహారం ఉండదు. పంటకు వచ్చే పరిహారమైనా ఆలస్యంగా వస్తుందనీ, సరిపోదనీ రైతులు చెబుతూనే ఉన్నారు.

ప్రాణాలు రెండు పక్కలా పోతున్నాయి. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి నాలుగు ఏనుగులు చనిపోయాయి. మరుసటి నెలలో పలమనేరు దగ్గర రోడ్డు దాటుతున్న మూడు ఏనుగుల్ని వాహనం బలిగొంది. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దారిలో అడవి గుండా నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేస్తే ముగ్గురు మరణించారు. వాళ్ళు శివుడి కోసం బయలుదేరారు. ఏనుగులు తమ అడవిలో తాము తిరుగుతున్నాయి. ఇందులో పాపం ఎవరిది?

ఈ ప్రశ్నకు మన మధ్య సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. "అడవిని మనిషే ఆక్రమించాడు, అనుభవించనీ" అనేది మొదటిది. అడవి నరికి లాభపడినవాళ్ళు వేరు, ఏనుగు తొక్కిన రెండెకరాల రైతు వేరు. పదిహేనో అంతస్తులో కూర్చుని ఆ రైతుకు శిక్ష వేయడం మనకి సులువు. "మనిషి ప్రాణం ముందు, ఏనుగుని తరిమేయండి" అనేది రెండోది. మనిషి ప్రాణం విలువ కాదనలేం. కాని ఏనుగుకు పట్టా తెలియదు, సర్వే నంబరు తెలియదు. ఇది ఇంకొకరిదని తెలిసి తీసుకుంటేనే దొంగతనం. ఆ తెలివే లేనప్పుడు నేరం ఎక్కడిది? పైగా తరిమితే ఎక్కడికి పోతుంది? పక్క ఊరికే. మూడోది మనలాంటి భక్తులు చెప్పేది: "ఏనుగంటే సాక్షాత్తూ వినాయకుడే." వినడానికి బాగుంటుంది. కాని పటంలోని వినాయకుడు పంట తినడు. దేవుడని దండం పెట్టి ఊరుకోవడం కూడా ఒక్కోసారి ఆ ప్రాణి ఆకలిని చూడకుండా తప్పించుకునే దారే.

ఆ అడవులకు ఎంతో దూరంలో లేని శ్రీకాళహస్తి క్షేత్ర కథ ఈ చిక్కును ఏనాడో మన ముందు పెట్టింది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. పాము లింగానికి మణులు పెట్టి పూజ చేసేది. ఏనుగు వచ్చి వాటిని తోసేసి నీళ్ళతో అభిషేకం చేసి ఆకులు, పూలు పెట్టేది. పాము వచ్చి వాటిని తీసేసేది. ఇద్దరిదీ భక్తే, ఇద్దరిదీ న్యాయమే. ఒకరి పూజ ఇంకొకరికి అపచారంగా కనిపించింది. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు తల బాదుకుంది, రెండూ ప్రాణాలు విడిచాయి. శివుడు ఇద్దరికీ మోక్షమిచ్చాడు. రైతు పంట రైతుకు పూజ లాంటిదే. ఏనుగు ఆకలి ఏనుగుకు ధర్మమే. ఇద్దరూ చచ్చేదాకా ఆగి తర్వాత జాలిపడటం దేవుడికి చెల్లుతుందేమో గాని, పక్కనున్న మనుషులకు చెల్లదు.

మరి పక్కనున్నవాళ్ళ ధర్మమేమిటి? గృహస్థుకు మన శాస్త్రాలు పంచ మహాయజ్ఞాలు చెప్పాయి. దేవ, ఋషి, పితృ, మనుష్య యజ్ఞాలతోపాటు భూతయజ్ఞం ఒకటి. అంటే వండిన అన్నంలో కొంత కాకికి, కుక్కకి, చీమకి, సమస్త ప్రాణులకి పెట్టడం. ఇందులో ఒక నియమం మనం ఎప్పుడూ విడిగా చెప్పుకోం, ఎందుకంటే అది చెప్పకుండానే తెలిసేది. ఆ ముద్ద మన విస్తరిలోంచి తీయాలి. పక్కవాడి విస్తరిలోంచి తీసి కాకికి పెట్టి, పుణ్యం మన ఖాతాలో వేసుకోవడం యజ్ఞం కాదు. అడవి ఏనుగులు బ్రతకాలని మనమందరం కోరుకుంటున్నాం. ఆ ఏనుగులు తినే ముద్ద మాత్రం కుప్పం రైతు విస్తరిలోంచి వెళ్తోంది. ఖర్చు ఇంకొకరు భరించే దయను దయ అనలేం.

గజేంద్ర మోక్షంలో కూడా మనం సరిగా గమనించని సంగతి ఇదే. అక్కడి గజరాజు దేవుడూ కాదు, దొంగా కాదు. కష్టంలో ఉండి పిలిచిన ఒక ప్రాణి. విష్ణువు ఎవరినో పురమాయించలేదు. ఇంట్లో మాటైనా చెప్పకుండా తానే పరుగెత్తాడు.

మనం అంత దూరంలో ఉన్నాం కదా, మనకేం సంబంధం అనుకోవడానికి లేదు. 1962 ఒప్పందం ప్రకారం సింగపూర్‌కు నీళ్ళిచ్చే జొహోర్ నది పారే కోటా టింగీ ప్రాంతం అడవి ఏనుగులు తిరిగే చోటే. మనం కొనే బిస్కెట్లలో, సబ్బుల్లో ఉండే పామాయిల్ కోసం ఏనుగుల అడవులు ఎన్నో తోటలుగా మారాయి. దంతం సంగతి సరేసరి. 2019 జూలైలో సింగపూర్ అధికారులు 8.8 టన్నుల దంతాలను పట్టుకున్నారు. కాంగో నుంచి వియత్నాంకు పోతున్న ఆ సరుకు సుమారు 300 ఆఫ్రికా ఏనుగులది. "ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని మనం గొప్పగా చెప్పుకునే సామెతే ఆ మూడు వందల ఏనుగుల ప్రాణం తీసింది. 2020 ఆగస్టులో సుమారు తొమ్మిది టన్నుల దంతాన్ని ప్రభుత్వం పిండి కొట్టించింది. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇక్కడ దంతం అమ్మకాన్నే నిషేధించింది. ఇది ఇంకొకరి విస్తరిలోంచి తీసినది కాదు. ఒక వాణిజ్య నగరం తన వ్యాపారంలో కొంత వదులుకుంది.

అటు నేల మీద కూడా దారులు లేకపోలేదు. తమిళనాడులోని వాల్పారై తేయాకు తోటల్లో ఏనుగులు ఎక్కడున్నాయో ఫోన్ సందేశాలతో, ఎర్ర దీపాలతో ముందే తెలియజేసే ఏర్పాటు చేశారు. ఎదురుపడతామని తెలియక పోయే ప్రాణాలే ఎక్కువ కనుక, తెలియజేయడమే సగం రక్షణ. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. దారి తప్పిన మందల్ని అడవిలోకి మళ్ళించడం వాటి పని. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో కూడిన పనులు. ఏనుగులు త్వరగా పెరిగే జాతి కూడా కాదు. ఒక్క గున్న తల్లి కడుపులో ఇరవై రెండు నెలల దాకా ఉంటుంది. లద్దెలోని డి.ఎన్.ఎ. ఆధారంగా లెక్కకట్టి 2025లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశమంతటా ఉన్న అడవి ఏనుగులు 22,446. మన ఒక్క హౌసింగ్ బోర్డు పేటలో ఉండే జనం అంతకంటే ఎక్కువ.

కనుక ఈ పండుగ రోజుల్లో మన కుటుంబాల ముందు ఒక మాట పెడుతున్నాం. మండపం అలంకరణకు, ప్రసాదాలకు వేసుకునే లెక్కలో భూతయజ్ఞానికి కూడా ఒక పద్దు వేసుకుందాం. ఆ సొమ్ము ఏనుగుల పేరుతో మాత్రమే కాక, ఏనుగుల పక్కన బ్రతికే రైతుల పేరుతో కూడా వెళ్ళేలా చూద్దాం. కంచెకో, హెచ్చరిక దీపాలకో, పోయిన పంటకో, మన మన ఊళ్ళలో తెలిసినవారి ద్వారా అందేలా. దంతపు వస్తువు ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు, బహుమతిగా తీసుకోవద్దు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అడవి క్షేత్రాలకు రాత్రివేళ నడిచి వెళ్ళవద్దు. అటవీ శాఖవారు ఆగమంటే ఆగుదాం, అది కూడా ఏనుగుకు మనమిచ్చే దారే. అన్నిటికంటే ముఖ్యంగా, ఏనుగు పంట తిన్న వార్త చదివినప్పుడు పిల్లలతో ఆ ఏనుగు గురించి, ఆ రైతు గురించి రెండూ మాట్లాడదాం.

ఇదంతా చేసినా ఋణం తీరిపోదు. ఏటేటా చవితి వస్తుంది, ఏటేటా అదే ముఖానికి మొదటి దండం పెడతాం. కాకపోతే ఈ ఏడు దండంతోపాటు ఒక ముద్ద కూడా పెడదాం, మన విస్తరిలోంచే.

విఘ్నేశ్వరుడు మనందరికీ, ఆ అడవి అంచున మంచెల మీద మేలుకుని ఉన్నవాళ్ళకీ, ఆ అడవిలో నడిచే మందలకీ దారి చూపుగాక. స్వస్తి.