సెల్లార్ గదిలోని రైతు

గృహస్థులారా, హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో మీరుండే అపార్టుమెంటు సెల్లార్‌లో, కరెంటు మీటర్ల పక్కన ఒక ఇరుకు గది ఉంటుంది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, మేకులకు వేలాడే బట్టలు. తెల్లవారుజామున మంజీరా నీళ్లు వస్తే లేచి మోటారు వేసేది ఆ గదిలోని మనిషే. మీకు అతడు వాచ్‌మన్. ఊళ్లో అతడు రైతు. ఈ సంగతి ఎరిగి మసలుకోండి.

పట్నం మోజు అతణ్ని ఇక్కడికి తేలేదు. ఒక బోరు ఎండితే మరో బోరు వేశాడు, దానికి వడ్డీకి తెచ్చాడు, పత్తి చేతికొచ్చేనాటికి ధర పడిపోయింది. కౌలు రైతు గతి మరీ కష్టం. కౌలు నోటిమాట, బ్యాంకు అడిగేది కాగితం. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైతే ఆ సొమ్ము పట్టాదారుకే చేరింది. దుక్కి దున్నిన కౌలుదారుకు అందలేదు. అటువంటివాడు తాళం వేసి బస్సెక్కితే, వ్యవసాయం చేతకాక వచ్చాడని తీర్పు చెప్పడం పాపం.

ఇలా బతుకు కోసం ఊరు విడవడం కొత్త కాదు. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది పాలమూరు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నేలమీదే. ఆ నేలలో పుట్టినవారే తరతరాలుగా గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి, పసివాళ్లను ముసలివాళ్లకు అప్పగించి, దూర ప్రాంతాలకు వెళ్లి కాలువలు తవ్వారు, ఆనకట్టలు కట్టారు. తమ చేలు బీళ్లుగా ఉండగా పరుల చేలకు నీళ్లు పారించారు. మన కాలనీలో పాత డాబాలు పోయి అయిదంతస్తులు లేచిన చోట ఇటుక మోసిన భుజాలు ఎవరివో ఒక్కసారి తలచుకోండి. ఆ రుణం మన మీద ఉంది.

కనుక చెబుతున్నాను, వినండి. జీతం ఒకటో తారీఖు దాటనీయకండి. తండ్రి వయసువాణ్ని ఏరా అని పిలవకండి. మీ పిల్లలు మీ నోటినుంచే నేర్చుకుంటారు. అతని బిడ్డ చేతికి కారు తుడిచే గుడ్డ ఇవ్వకండి, బడికి పంపించండి. మృగశిర కార్తెలో వాన పడిందని ఊరినుంచి ఫోను వస్తుంది. "నాలుగు దినాలు పోయొస్త సార్, ఇత్తనం పెట్టాలె" అని అతడు మీ గుమ్మం ముందు నిలబడతాడు. జీతం కోయకుండా పంపండి. మోటారు స్విచ్ మనలో ఎవరు వేసినా పడుతుంది. విత్తనానికి మాత్రం అదను దాటితే మళ్లీ రాదు.

ఇల్లు కట్టించేవారికి ఇంకొక ధర్మం ఉంది. 1996 చట్టాలతో మొదలైన పద్ధతి ప్రకారం, సెస్సు పరిధిలోకి వచ్చే నిర్మాణాల ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు కార్మికుల సంక్షేమ నిధికి చేరాలి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉన్నవారు ఆ నిధిని నడిపే సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి సాయం, ప్రసూతికి సాయం అందుతాయి. పొద్దున్నే పార, గమేళా పట్టుకుని అడ్డామీద నిలబడేవారిలో చాలామందికి ఈ మాట చెప్పినవారు లేరు. మీరు చెప్పండి. మీ దగ్గర పనిచేసిన రోజులకు కాగితం రాసివ్వండి. నమోదు కార్డు కోసం ఆఫీసుకు వెళితే ఒక రోజు పని పోతుంది. ఆనాటి కూలి మీరే చేతిలో పెట్టి పంపండి.