గదిలో వేడి ఎక్కడికి పోతుంది?



తిరువూరు ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో మామిడి తోటల్లో కూడా ఆకు కదలదు. రెండేళ్ల క్రితం నాకు బి.పి. ఎక్కువైందని మా విచారణ పెద్దలు బంగళాలో ఒక ఏసీ పెట్టించారు. మొదటి రాత్రి 18 మీద పెట్టి, నిండా దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయాను. ఆ వేసవంతా అలాగే గడిచింది.

మా వంట చేసే పెద్దావిడ వెనక వరండాలో మంచం వేసుకుంటుంది. ఏసీ బయటి పెట్టెను బిగించింది సరిగ్గా ఆ వరండా గోడకే. వేసవి చివర ఒక రాత్రి కరెంటు పోయి నేను బయటికి వస్తే, ఆమె మంచం గేటు దగ్గర వేపచెట్టు కింద ఉంది. "అక్కడ సెగ కొడుతుంది ఫాదర్‌గారూ" అంది, తప్పు తనదైనట్టు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు, వేడి మాయం కాదు, చోటు మారుతుంది అన్న చిన్న సంగతి ఆ రాత్రి దాకా బుర్రకెక్కలేదు. ఏసీ చలిని తయారు చేయదు. బావిలో నీళ్లు తోడినట్టు గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. బయట 42 డిగ్రీలున్నప్పుడు లోపల 24 పెడితే తేడా 18. లోపల 18 పెడితే తేడా 24. గోడల గుండా, కిటికీ సందుల గుండా లోపలికి వచ్చే వేడి ఈ తేడాను బట్టే పెరుగుతుంది. వచ్చిందంతా మళ్లీ తోడాలి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 16 మీద పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు ఏసీ ఏ అంకెకైనా ఒకే వేగంతో పనిచేస్తుంది. ఎక్కడ ఆగాలో చెప్పేదే ఆ అంకె.

అమెరికాలో ఉన్న మీ పిల్లలకు చలికాలంలో ఇదే లెక్క తలకిందులుగా ఉంటుంది. అక్కడ వేడి బయటికి పోతుంది, గ్యాసు ఖర్చవుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు 20 సెల్సియస్ దగ్గర, నిద్రపోయేటప్పుడు ఇంకా తక్కువ పెట్టుకోమని అక్కడి ఇంధన శాఖ సలహా.

"బిల్లు నేను కడుతున్నాను, నా ఇష్టం" అంటారు. తేలిగ్గా తీసివేయదగిన మాట కాదిది. పునీత తోమస్ అక్వినాస్ గారు సొంత ఆస్తిని తప్పు పట్టలేదు. సంపాదించడం, చూసుకోవడం ఎవరిది వారిదే. వాడుక దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవసరంలో ఉన్నవారిని కలుపుకొని చూడాలన్నారు. నేను కట్టిన బిల్లు కరెంటు వెల. వరండాలో కొట్టిన సెగకు ఎవరూ వెల కట్టలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గు పొగకూ బూడిదకూ, సత్తుపల్లిలో బొగ్గు కోసం తవ్విన నేలకూ నా బిల్లులో పద్దు కనబడదు.

ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో, స్తోమత ఉండి కూడా హీటరు తగ్గించి వెచ్చని బట్టలు వేసుకునే మనిషిని మెచ్చుకున్నారు. మండు వేసవిలో దుప్పటి కప్పుకున్న నేను ఆ మనిషికి పూర్తిగా తలకిందులు.

అలాగని అందరికీ ఒకే అంకె చెప్పను. మల్లయోధుడికి చాలని తిండి కొత్తగా సాము నేర్చేవాడికి ఎక్కువవుతుందని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. బాలింతకు, గుండెజబ్బు మనిషికి అవసరం వేరు. పొదుపు పేరుతో కోడలి గదిలో రిమోటు దాచే మామగార్లను నేనెరుగుదును. అది మితం కాదు, పిసినారితనం. పైగా ఆ పొదుపుకు చెమటోడ్చేది కోడలు.

ఈ ఏడాది 26 మీద పెట్టి, పైన ఫ్యాను తిప్పుకుంటున్నాను. మొదటి నాలుగు రాత్రులు సరిగా నిద్ర పట్టలేదు. బయటి పెట్టెను మేడమీదికి మార్పించాను, ఖర్చు నాదే. పెద్దావిడ మంచం వరండాకు తిరిగి వచ్చింది. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెకు బి.పి. ఉందో లేదో ఎవరూ చూపించలేదు. వరండాలో ఉన్నది ఒక టేబుల్ ఫ్యాను. ఈ సంగతి విచారణ పెద్దల ముందు నేనింకా పెట్టలేదు.