పెద్దలకు చదువు చెప్పువాడు ఎట్టివాడై యుండవలెను?

పఠన భాగము: అపొస్తలుల కార్యములు 18:24–28



పిల్లలకు చదువు చెప్పువానికి ఏ గుణములు కావలెనో మనకందరికి కొంత తెలియును. పెద్దలకు చెప్పువాని సంగతి వేరు. కోయిలకుంట్ల చుట్టునున్న రేగడి పల్లెలలో అరువది ఏండ్ల రైతు ఒకడు పలక పట్టుకొని కూర్చున్నాడనుకొనుడి. ఎదుట ఇరువది ఏండ్ల పడుచువాడు సుద్దముక్క పట్టుకొని యున్నాడు. ఆ రైతు పిడికెడు మన్ను నలిపి హింగారి జొన్నకు పదును చాలునో చాలదో చెప్పగలడు. ఎద్దు నడక చూచి దాని జబ్బు చెప్పగలడు. పడుచువానికి తెలిసినవి అక్షరములు మాత్రమే. తనకంటె ఎక్కువ తెలిసినవానికి బోధించుటకు మనకు హక్కు ఎక్కడిది?

ఇది పాతకాలపు ప్రశ్న అని త్రోసివేయరాదు. 2011 జనాభా లెక్కలలో, కోయిలకుంట్ల ఆనాడు చేరియున్న కర్నూలు జిల్లాలో, చదువను వ్రాయను వచ్చినవారు నూటికి అరువది మందియే. 2022లో మన ఊరు నంద్యాల జిల్లాలో చేరినది గాని, జిల్లా పేరు మారినంతమాత్రమున అక్షరములు రావు గదా.

ముందు మా తప్పిదమునే చెప్పుదుము. చాల ఏండ్ల క్రిందట ఈ ప్రాంతపు గ్రామమొకదానిలో మేము రాత్రిబడి పెట్టితిమి. ఆ సంఘములో ఒక పెద్దాయన యుండెను. ఆరాధనలో కీర్తనల పుస్తకము తెరచి పట్టుకొని గొంతెత్తి పాడువాడు. ఒక్క చరణము కూడ తప్పడు. ఒక ఆదివారము మేము ఆయన ప్రక్కన నిలిచి చూడగా పుస్తకము తలక్రిందుగా ఉన్నది. చూచి ఊరకుండవలసినది. రాత్రిబడికి మనుష్యులను కూడగట్టవలెనను ఆతురతలో, ఆరాధన ముగియగానే గుడి వాకిట నలుగురిలో, “పెద్దనాయనా, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నావే! రాత్రిబడికి రా, నేర్పిస్తాం” అంటిమి.

అందరు నవ్విరి. ఆయనయు నవ్వెను. “ఈ వయసులో నాకెందుకులే అయివారూ” అని వెళ్లిపోయెను. ఆయన రాత్రిబడికి రాలేదు. తరువాతి ఆదివారము ఆయన చేతిలో పుస్తకము లేదు. చదువు నేర్పుదుమని వచ్చిన మేము ఒకని చేతిలోనుండి పుస్తకము తీసివేసితిమి.

మేము చెప్పినది అబద్ధము కాదు. చాలకాలము ఆ మాటతోనే మమ్మును మేము ఓదార్చుకొంటిమి. అయితే నిజము చెప్పినంతమాత్రమున నిర్దోషులమగుదుమా? పిల్లవాడు బడిలో పడిన అవమానమును సాయంకాలపు ఆటలో మరచిపోవును. పెద్దవాడు దానిని ఇంటికి మోసికొని పోవును. అక్కడ భార్య యున్నది, కోడలున్నది, ఆయన మాటకు విలువనిచ్చు కొడుకులున్నారు. రాత్రిబడి గడప త్రొక్కునప్పుడే ఆయన “నాకు రాదు” అని ఊరందరి యెదుట ఒప్పుకొనుచున్నాడు. అంతకుమించిన వెల మనము అడుగరాదు.

ఇప్పుడు పైని వాక్యభాగము చూడుడి. అపొల్లో అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు. ఎఫెసు సమాజమందిరములో ధైర్యముగా మాటలాడుచుండెను గాని, అతనికి తెలిసినది యోహాను బాప్తిస్మము వరకే. అకుల ప్రిస్కిల్లలు ఆ లోపమును వినిరి. వారు డేరాలు కుట్టి బ్రతుకువారు. సభలో లేచి “అయ్యా, నీవు తప్పు చెప్పుచున్నావు” అనియుండవచ్చును. వారు అట్లు చేయక అతనిని తమయొద్దకు చేర్చుకొని మరి పూర్తిగా విశదపరచిరి.

ఇది ముఖస్తుతి కాదా, తప్పును కప్పిపుచ్చుట కాదా అని మీలో ఎవరైన అడుగవచ్చును. కాదనియే మా తలంపు. వారు చెప్పవలసిన సత్యములో ఒక్క మాటయైనను తగ్గించలేదు. సత్యము చెప్పు చోటు మాత్రము మార్చిరి. గుడి వాకిట మాకు లేకపోయిన తెలివి అదియే.

ఫ్రాంక్ లౌబాక్ అను అమెరికా మిషనరీ 1930 ప్రాంతమున ఫిలిప్పీన్సు దీవులలో వయోజనులకు చదువు నేర్పి, చదువు వచ్చిన ప్రతివాడు మరియొకనికి నేర్పవలెనను పద్ధతిని ప్రబలము చేసెను. 1930లలోనే మన దేశమునకును వచ్చెను. ఎదుట నిలువబడక ప్రక్కన కూర్చుండుమని, గద్దింపవద్దని, వచ్చిన కొంచెమునకే మెచ్చుకొనుమని ఆయన బోధకులకు నేర్పెను. మొదట విన్నప్పుడు ఇవి బడిపంతుళ్ల చిట్కాలవలె మాకు తోచెను. ఇప్పుడట్లు తోచుట లేదు.

ఓర్పు, సమయపాలన, స్పష్టమైన పలుకు, ఇవి ఏ బోధకునికైనను కావలసినవే. వాటిని గూర్చి విస్తరింపము. పెద్దలకు చెప్పువాడు మాత్రము, తానును పెద్దవాడైన పిమ్మట ఏదైన ఒకటి మొదటినుండి నేర్చుకొని యుండవలెను. బిషప్ అజరయ్యగారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ముప్పది ఏండ్లు దాటిన తరువాత తెలుగు నేర్చుకొని దోర్నకల్లులో పని చేసిరి. 1912లో బిషప్పుగా అభిషేకింపబడిరి. అక్షరము రాని వేలమంది కూలిజనుల మధ్య సంఘమును కట్టిన ఆయన, ఆ భాషలో తడబడుటతోనే ఆరంభింపవలసి వచ్చెను. మేమును ఒకసారి గొర్రు పట్టి విత్తనము వేయ ప్రయత్నించితిమి. సాలు పాము నడిచినట్లు వచ్చెను. చేను గలాయన నవ్వు ఆపుకొని, “మొదట అందరికీ అట్లే వస్తాది” అనెను. అంత మర్యాద మేము రాత్రిబడిలో చూపియుంటిమా అని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇంకొక గుణమున్నది, ఇది అన్నిటికంటె కష్టము. శిష్యుడు మనలను దాటి పోవునప్పుడు సంతోషించుట. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరుగుచున్న రోజులలో, సారావలన చెడిన కుటుంబమును గూర్చిన పాఠము ఒకటి వాచకములో నుండెను. దూబగుంట స్త్రీలు దానిని చదివి, తమలో తాము మాటలాడుకొని, ఊరి సారా దుకాణము మూయించిరి. 1992లో ఆ ఉద్యమము జిల్లాయంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రములో సారా నిషేధింపబడెను. “ఇది పాఠములో లేదు, కూర్చుండి అక్షరములు దిద్దుడి” అను బోధకుడు అక్కడ ఉన్నయెడల ఏమగునో ఆలోచించుడి. మనలో అనేకులము అట్టి బోధకులమే.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. 2009లో మొదలై 2018లో ముగిసిన సాక్షర భారత్ పథకములో గ్రామ ప్రేరకులకు నెలకు 2,000 రూపాయలిచ్చిరి. 2022లో మొదలైన కొత్త కార్యక్రమము స్వచ్ఛంద సేవకుల మీదనే ఆధారపడినది. సేవ మంచిదే. అయితే ఇన్ని గుణములు కోరి, దీపపు నూనెకు కూడ ఏమియు ఇయ్యక, సహనము ఉచితముగా దొరకునని తలంచువారిని చూచిన మాకు కొంచెము కోపము వచ్చును. సంఘములను కూడ కలిపియే చెప్పుచున్నాము.

ఆ పెద్దాయన యింటికి మేము తరువాత వెళ్లితిమి. క్షమించుమని అడిగితిమి. ఆయన మజ్జిగ ఇప్పించి, వానల సంగతి మాటలాడెను. పుస్తకము మాట ఎత్తలేదు. ఆ యేడు ఆయన భార్య రాత్రిబడికి వచ్చుట మొదలుపెట్టెను. అందరికంటె వెనుక కూర్చుండి, అందరికంటె ముందుగా గుణింతములు ముగించెను. ఒక రాత్రి బడి విడిచిన తరువాత, మిగిలినవారు వెళ్లువరకు నిలిచియుండి, “ఇంగో వాచకముంటే ఇయ్యి నాయనా” అనెను.

ఎవరికని మేము అడుగలేదు. ఇచ్చి పంపితిమి.